ఐర్లండు అంధ గాయకుడు టర్లో ఓకారొలన్

ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క చిహ్నము కలదు. కొన్ని దేశములు సింహమును, కొన్ని పక్షిరాజును, కొన్ని నక్షత్రమును తమ ముద్రలయందు నిలుపుకొన్నవి. ఐర్లండు దేశము ఒక సంగీతవాద్యమును నిలుపుకొన్నది. ఆ దేశపు ప్రభుత్వ ముద్రలమీదను నాణెములమీదను కానవచ్చునది హార్పు అను తంతివాద్యము. ఆ వాద్యమును చేపట్టినవారిలో నేటివరకు జనుల నోట నిలిచిన పేరు టర్లో ఓకారొలన్. ఇతడు 1670వ సంవత్సరమున జన్మించి 1738వ సంవత్సరమున మృతినొందెను. ఇతడు గ్రుడ్డివాడు. చిత్రమేమనగా, వాయించు నేర్పునందు ఇతడు తన కాలపు వాద్యకులలో అగ్రగణ్యుడు కాడు. ఇతనికంటె చక్కగా తీగెలు మీటువారు పలువురుండిరి. వారి పేళ్ళు చాలవరకు మరుగుపడినవి. ఇతని పేరు నిలిచినది. ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున ఒక పల్లెకథకు స్వరము కట్టుటతో ఇతని కీర్తికి నాంది యయ్యెను. ఆ సంగతి విద్యార్థులును, వారి తలిదండ్రులును, బోధకులును తెలిసికొనదగినదని తలచి ఇతని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాను.

మొదట ఆ వాద్యమును గూర్చి కొంచెము చెప్పవలెను. మన తెలుగు బైబిలునందు దావీదు వాయించిన వాద్యమునకు సితారా అని పేరు పెట్టినారు. ఐర్లండు హార్పు అట్టిది కాదు. త్రికోణాకారము గలిగి, మనుష్యుని భుజమునకు ఆనుకొని నిలుచు వాద్యమిది. విల్లో అను చెట్టు మొద్దు నొకదానిని తొలిచి దాని బొజ్జను చేయుదురు. దానిపై ముప్పదికి మించిన లోహపు తీగెలు బిగింతురు. అవి సాధారణముగా ఇత్తడివి. పూర్వపు వాద్యకులు గోళ్ళను పొడవుగా పెంచుకొని వానితో ఆ తీగెలను మీటెడివారు. మీటిన స్వరము గంట మ్రోగినట్లు చాలసేపు నిలుచును గనుక, ఒక స్వరమును పలికించు చేతితోనే వెనుకటి స్వరమును అణచివేయు నేర్పు కావలెను. అందువలన ఆ విద్యను చిన్నతనముననే మొదలుపెట్టుట వాడుక.

హార్పు ఒంటరిగా వినబడునది కాదు. ప్రాచీన ఐర్లండులో ప్రభువుల కొలువునందు ముగ్గురు కలిసి పనిచేసెడివారు. కవి పద్యమును రచించును. చదువరి దానిని సభయందు గొంతెత్తి వినిపించును. వాద్యకుడు ఆ పలుకులకు హార్పు మేళవించును. కథయు గానమును వాద్యమును ఒకచోట చేరిన విద్య యిది. మన హరికథ వినినవారికి దీని స్వరూపము కొంతవరకు మనస్సునకు తట్టును. అయితే 1607వ సంవత్సరమున ఉత్తర ఐర్లండు ప్రభువులు దేశమును విడిచిపోయిరి. పిదప 17వ శతాబ్దపు యుద్ధములవలన పాత కుటుంబముల భూములు పరుల పాలయ్యెను. పోషించు కొలువులు పోగా కవులు చెదరిపోయిరి. చదువరి యను ఉద్యోగమే లేకపోయెను. వాద్యకుడొక్కడు మాత్రము హార్పును గుఱ్ఱముపై పెట్టుకొని ఇల్లిల్లు తిరిగి బ్రతుకవలసినవాడయ్యెను. కారొలన్ పుట్టినది ఇట్టి కాలమున.

ఇతని జన్మస్థలము మీత్ జిల్లాలోని నాబర్ అను ఊరి చెంత. తండ్రి సామాన్యుడు. బాలునికి పదునాలుగేండ్లప్పుడు ఆ కుటుంబము పడమటి దిక్కునకు, రాస్‌కామన్ జిల్లాలోని బాలిఫార్నన్ గ్రామ ప్రాంతమునకు తరలిపోయెను. అచ్చట ఆల్డర్‌ఫర్డ్ అను ఇంట మెక్‌డర్మట్ రో అను పాత ఐరిష్ కుటుంబమువారు కాపురముండిరి. కారొలన్ తండ్రి వారి కొలువున చేరెను. ఆ యింటి యజమానురాలు బాలుని చురుకుదనమును గమనించి, తన యింటి పిల్లలతోపాటు అతనికిని చదువు చెప్పించెను. పేదవాని కుమారుడని త్రోసివేయక ఆమె చేసిన ఈ యుపకారము ఆ బాలుని జీవితమంతటికిని పునాది యయ్యెను. చదువుకొను దినములలోనే అతనికి పద్యములల్లు నేర్పు కలదని పెద్దలు కనుగొనిరి.

పదునెనిమిదవ యేట కారొలన్‌కు మశూచికము సోకెను. ప్రాణము దక్కినది గాని రెండు కన్నులును పోయెను. టీకా తెలియని ఆ దినములలో ఈ వ్యాధివలన చూపు పోగొట్టుకొన్నవారు ప్రతి దేశమునను అనేకులుండిరి. కన్నులు లేని యువకుడు దున్నలేడు, లెక్కలు వ్రాయలేడు. ఐర్లండులో అట్టివారికి తెరచియున్న గౌరవప్రదమైన త్రోవ హార్పు ఒక్కటే. పేరుపొందిన వాద్యకులలో అంధులు అంతమంది యుండుటకు కారణమిదియే. మెక్‌డర్మట్ రో ఇల్లాలు ఈ యువకుని మరల చేరదీసెను. ఒక వాద్యకుని గురువుగా కుదిర్చి, మూడు సంవత్సరములు హార్పు నేర్పించెను. మూడేండ్లు గడచిన పిదప ఒక గుఱ్ఱమును, త్రోవ చూపుటకు ఒక సేవకుని, చేతిఖర్చునకు కొంత ధనమును ఇచ్చి లోకములోనికి పంపెను.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ఆర్థర్ ఓనీల్ అను మరియొక ప్రసిద్ధ అంధ వాద్యకుడు పదవ యేటనే ఈ విద్య నారంభించెను. డెనిస్ హెంప్సన్ అనువాడు పండ్రెండవ యేట ఆరంభించెను. కారొలన్ మొదలుపెట్టునప్పటికి పదునెనిమిదేండ్లు నిండియుండెను. వ్రేళ్ళు లేతగానున్నప్పుడు అలవడవలసిన మెలకువ ఎంత శ్రమించినను అతనికి పూర్తిగా పట్టుబడలేదు. శ్రద్ధకు లోపము లేదు, జ్ఞాపకశక్తికి లోపము లేదు. కాలము మించిపోయినది, అంతే. మధ్యరకపు వాద్యకుడుగా ఇల్లిల్లు తిరిగి, ఎవరో కట్టిన పాటలను వాయించి, ఎవరో పెట్టిన అన్నము తిని మరుగైపోవుటకు తగినన్ని కారణము లతనికుండెను.

సుమారు 1691వ సంవత్సరమున అతడు మొదట చేరిన గొప్ప యిల్లు లీట్రిమ్ జిల్లాలో స్కర్ అను సరస్సు తీరమున నుండెను. దాని యజమానుడు జార్జి రేనాల్డ్స్. ఇతడు భూస్వామియే గాక తానును హార్పు వాయించువాడు, పద్యములు వ్రాయువాడు. అతిథి వాయించినదంతయు రేనాల్డ్స్ ఓపికతో వినెను. విని, అతని వ్రేళ్ళలో గొప్ప పనితనము లేదని గ్రహించెను. అబద్ధపు మెప్పు చెప్పి పంపివేయలేదు. మనస్సు నొచ్చునట్లు తీసివేయనులేదు. ఎప్పుడైన స్వంతముగా ఏదైన రచించితివా యని యడిగెను. లేదని తెలిసికొని, చేతికంటె నాలుకయే నీకు ఎక్కువ తోడ్పడునేమో యను భావమును మెల్లగా తెలిపి, ఒక పని నొప్పగించెను. ఆ పని యేమనగా, ఆ చుట్టుప్రక్కల జనులు చెప్పుకొను ఒక పాత కథను తీసికొని దానికి మాటయు స్వరమును కట్టవలెను.

ఆ కథ యిట్టిది. లీట్రిమ్ జిల్లా దక్షిణ భాగమున ఒకదానికొకటి కొలది మైళ్ళ దూరములో రెండు గుట్టలు కలవు. వానికి షీబెగ్, షీమోర్ అని పేళ్ళు. ఐరిష్ భాషలో షీ అనగా మట్టి దిబ్బలయందును గుట్టలయందును నివసించు అదృశ్య జనము. వారుండు దిబ్బకును అదియే పేరు. బెగ్ అనగా చిన్నది, మోర్ అనగా పెద్దది. రెండు గుట్టల శిఖరములందును చరిత్రకందని కాలమున మనుష్యులు రాళ్ళు పేర్చి కట్టిన సమాధులు కలవు. ప్రాచీన వీరుడగు ఫిన్ మెకూల్ షీబెగ్ క్రింద పరుండియున్నాడని ఆ ప్రాంతీయుల నమ్మకము. ఈ రెండు గుట్టల అదృశ్య జనములకు ఒకప్పుడు మా గుట్ట గొప్పదంటే మా గుట్ట గొప్పదని వాదము పుట్టినదట. వాదము తగవై, తగవు యుద్ధమై, రెండు ప్రక్కలవారును సేనలతో పైకి వచ్చి పోరాడిరట. పెద్ద రాజ్యముల యుద్ధమును గూర్చి కాదు, పశువులు మేయు రెండు గుట్టల పోటీని గూర్చిన కథ యిది. ప్రతి పశుల కాపరికిని తెలిసినదే. అందువలననే కాబోలు అంతవరకు దానికి ఎవరును అంతగా విలువ నీయలేదు.

రేనాల్డ్స్ కొన్ని దినములు ఇల్లు విడిచి వెళ్ళెను. ఆ లోపల కారొలన్ ఆ కథను మనస్సున త్రిప్పుచు, తీగెలమీద వెదకుచు, ఒక పాటను కట్టెను. యజమానుడు తిరిగి వచ్చినప్పుడు హార్పు వాయించుచు ఆ కథను పాడి వినిపించెను. రేనాల్డ్స్ మిక్కిలి సంతోషించి ధైర్యము చెప్పెనని పెద్దల మాట. ఆ పాట పేరు రెండు గుట్టల పేళ్ళే: షీబెగ్, షీమోర్.

ఆ స్వరము నేటికిని దొరకుచున్నది గనుక దాని లక్షణమును గూర్చి కొంచెము చెప్పవచ్చును. కథ యుద్ధమును గూర్చినదైనను స్వరమునందు భేరీల మ్రోత లేదు. మూడు మాత్రల లయలో, తొందరలేక, ఊయల ఊగినట్లు నడచును. రెండు భాగములు కలవు. మొదటి భాగము క్రింది స్థాయిలో నడువగా, రెండవది దానికి బదులు చెప్పునట్లు పై స్థాయికి లేచి మరల దిగివచ్చును. పూర్వమే వాడుకలోనున్న కోకిలపాట యొకటి దీనికి ఆధారమై యుండునని పరిశోధకులు తలంతురు. యువకుడు తనకు తెలిసిన పాటనొకదానిని పట్టుకొని, దానిని మార్చి పెంచి, తన కథకు తగిన వస్త్రముగా కుట్టుకొన్నాడన్నమాట. మొదటి ప్రయత్నమున అట్లు చేయుట తప్పు కాదు. కథకు స్వరము కట్టువాడు ముఖ్యముగా తెలిసికొనవలసినది మాటకు చోటిచ్చుట. వాద్యము మిక్కిలి బిగ్గరగా నున్నయెడల శ్రోత కథను వినలేడు. మిక్కిలి కఠినముగా నున్నయెడల పాడువాడు మాటను పలుకలేడు. వ్రేళ్ళ మెలకువ తక్కువగానున్న యీ యువకుడు తీగెల గారడికి పోక, సుళువైన స్వరమును కట్టి కథను ముందుకు నడిపించెను. అతని లోపమే ఇక్కడ మేలయ్యెను.

ఆ దినమునుండి అతడు పరుల పాటలు వాయించు వాద్యకుడుగా గాక, స్వంత పాటలు కట్టు రచయితగా తిరుగసాగెను. కవి, చదువరి, వాద్యకుడు అను ముగ్గురి పనియు ఒక్క మనుష్యునియందు చేరెను. అయితే పూర్వపు పద్ధతిలో మాట ముందు, స్వరము తరువాత. ఇతడు దానిని తలక్రిందు చేసెను. గుఱ్ఱముమీద ఒక యింటినుండి మరియొక యింటికి పోవుచు మొదట స్వరమును కట్టుకొనెడివాడు. పిదప దానికి మాటలు కూర్చెడివాడు. గమ్యము చేరునప్పటికి ఆ యింటి యజమానుని పేరనో, కుమార్తె పేరనో ఒక క్రొత్త పాట సిద్ధముగా నుండెడిది. ఇట్లు సుమారు 47 సంవత్సరములు తిరిగెను. ఉల్లాసమైన పాటలకు ప్లాంక్స్టీ అను పేరు ఇతనివలననే ప్రసిద్ధమయ్యెను.

ఆ కాలమున ఐర్లండులో కతోలికులకును ప్రొటెస్టంటులకును నడుమ భూమిని గూర్చియు అధికారమును గూర్చియు తీవ్రమైన వైరముండెను. 1691వ సంవత్సరమునకు తరువాత కతోలికులను అణచు చట్టములు ఒకదాని వెంట ఒకటి వచ్చెను. కారొలన్ కతోలికుడు. అయినను పాత ఐరిష్ కుటుంబముల యిండ్లయందును, క్రొత్తగా వచ్చి స్థిరపడిన ప్రొటెస్టంటు కుటుంబముల యిండ్లయందును సమానమైన ఆదరణ పొందెను. విందు బల్లయొద్ద అతనికి గౌరవస్థానము దొరకెడిది. వివాహములకును మరణములకును అతడు వచ్చువరకు వేచియుండిన కుటుంబములున్నవని చెప్పుదురు.

కథను పాటగా కట్టుటయందు ఇతని ప్రజ్ఞకు మరియొక నిదర్శనము కలదు. లీట్రిమ్ ప్రాంతపు పూర్వ ప్రభువగు ఓరూర్క్ ఇంట జరిగిన గొప్ప విందును, ఆ విందులో జరిగిన త్రాగుడును, ఆటపాటలను, చివరి కొట్లాటను హాస్యముగా వర్ణించు ఐరిష్ కావ్యమొకటి హ్యూ మెక్‌గారన్ అను కవి రచించెను. దానికి స్వరము కట్టినవాడు కారొలన్. సుమారు 1720వ సంవత్సరమున ఆ పాటను ఇంగ్లీషులోనికి మార్చినవాడు జానథన్ స్విఫ్ట్. గల్లివరు యాత్రలు అను గ్రంథమును మన విద్యార్థులలో పలువురు చదివియున్నారు. దానిని వ్రాసిన స్విఫ్టే యితడు. అప్పుడతడు డబ్లిన్ నగరములోని సెయింట్ పాట్రిక్ దేవాలయమునకు డీన్‌గా నుండెను.

డబ్లిన్ నగరమున ఆ దినములలో ఇటలీ దేశపు సంగీతమునకు గొప్ప మోజు. వివాల్డి, కొరెల్లి అనువారి కృతులు కారొలన్ చెవిని పడెను. గ్రామములలో పుట్టి పెరిగిన గాయకుడు వానిని చూచి వెరవక, తనకు కావలసినది గ్రహించి తన పాటలలో చేర్చుకొనెను. అతని కన్సర్టో యను రచనయందు ఇటలీ నడకయు ఐరిష్ మాధుర్యమును కలిసియుండుట స్పష్టముగా వినవచ్చును. ఒక ఇటలీ సంగీతజ్ఞునితో పోటీపడి ఆ రచనను అప్పటికప్పుడు కట్టెనని ఒక ఐతిహ్యము కలదు.

కారొలన్ యౌవనమున బ్రిజిడ్ క్రూస్ అను కన్యను ప్రేమించెను గాని వివాహము కుదరలేదు. ఆమె పేర పాటలు కట్టెను. చాల సంవత్సరములైన పిదప డర్గ్ సరస్సులోని ద్వీపమునకు యాత్రపోవుచు, పడవలోనికి ఒక స్త్రీని ఎక్కించుటకు చేయి అందించెనట. ఆ చేతిని తాకగానే అది ఆమె చేయియే యని గుర్తించెనని ఇతని యెరిగిన చార్లెస్ ఓకానర్ అను పండితుడు తెలిపెను. కారొలన్ మేరీ మగ్వైర్ అను ఆమెను వివాహమాడి, లీట్రిమ్ జిల్లాలోని మొహిల్ అను ఊరి చెంత ఇల్లు కట్టుకొనెను. వారికి ఆరుగురు కుమార్తెలు, ఒక కుమారుడు. ఇతని చరిత్రమున దాచరాని లోపమొకటి కలదు. ఇల్లిల్లును విందులతో గడచిన జీవితమగుటచేత మద్యపానము అలవడి దేహమును పాడుచేసెను. సంపాదించిన ధనమును చేత నిలువలేదు.

1733వ సంవత్సరమున భార్య మరణించెను. ఆ దుఃఖమున ఆమెను గూర్చి శోకగీతము రచించెను. అటుపిమ్మట అతని బలము క్రమముగా తగ్గినది. 1738వ సంవత్సరమున మరణము సమీపించుచున్నదని తెలిసికొని, తన యింటికిగాని ధనవంతులగు మిత్రుల యిండ్లకుగాని పోక, బాల్యమున తనకు చదువు చెప్పించి, కన్నులు పోయిన నాడు హార్పు చేతికిచ్చిన ఆ మెక్‌డర్మట్ రో ఇల్లాలి యొద్దకే తిరిగి వచ్చెను. ఆమె అప్పటికి మిక్కిలి వృద్ధురాలు. ఆమె యింట హార్పు తెప్పించుకొని కడపటిసారి వాయించెనని చెప్పుదురు. ఆ స్వరమునకు సంగీతమునకు కారొలన్ వీడ్కోలు అని పేరు. మార్చి 25వ తేదీన ప్రాణము విడిచెను. నాలుగు దినములు జనులు వచ్చుచునే యుండిరి. అనేకులగు వాద్యకులు కూడివచ్చిరి. కిల్‌రోనన్ శ్మశానమున, మెక్‌డర్మట్ రో కుటుంబపు సమాధుల ప్రక్కనే అతనిని పాతిపెట్టిరి. సేవకుని కుమారునికి యజమానుల ప్రక్క చోటు దొరకినది.

ఇంతటితో మనుష్యుని కథ ముగిసినది గాని పాటల కథ ముగియలేదు. కారొలన్ గ్రుడ్డివాడు గనుక స్వరములను కాగితముపై పెట్టలేదు. అతని పాటలు శిష్యుల చెవులలోను వ్రేళ్ళలోను మాత్రముండెను. డబ్లిన్ నగరమున సుమారు 1724వ సంవత్సరమున నీల్ అను ప్రచురణకర్తలు అచ్చువేసిన పుస్తకమున కొన్ని చేరినవి. మిగిలినవి నశించు ప్రమాదముండెను. 1792వ సంవత్సరము జులై మాసమున బెల్‌ఫాస్ట్ నగరపు పెద్దలు మిగిలియున్న హార్పు వాద్యకులను పిలిపించి సభ జరిపిరి. దేశమంతటినుండి వచ్చినవారు పదిమంది మాత్రమే. వారిలో ఆరుగురు అంధులు. హెంప్సన్ అప్పటికి సుమారు 97 సంవత్సరముల వృద్ధుడు. ప్రాచీన పద్ధతిని గోళ్ళతో మీటినవాడు అతడొక్కడే. వారి స్వరములను వ్రాసికొనుటకు నియమింపబడినవాడు ఎడ్వర్డ్ బంటింగ్ అను పందొమ్మిదేండ్ల యువకుడు. అతడు చేసిన పనివలన, పిదప 1796, 1809, 1840 సంవత్సరములలో ప్రకటించిన సంపుటములవలన ఐర్లండు ప్రాచీన సంగీతము చాలవరకు బ్రతికినది.

కాని ఒక నష్టము జరిగెను. బంటింగునకు ఐరిష్ భాష రాదు. అతడు స్వరములను వ్రాసికొనెను. వానితో పాడబడిన మాటలను విడిచిపెట్టెను. తరువాత తప్పు గ్రహించి, 1802వ సంవత్సరమున పాట్రిక్ లించ్ అను ఐరిష్ బోధకుని పల్లెలకు పంపి మాటలను సేకరింపజేసెను. అయినను ఆ మాటలు స్వరములతో జతపడి అచ్చుకాలేదు. ఇట్లు స్వరమొక త్రోవను, మాటయొక త్రోవను పోయినవి. 1958వ సంవత్సరమున డోనల్ ఓసలివన్ అను పండితుడు కారొలన్ చరిత్రమును వ్రాసి, 213 స్వరములను ఒకచోట చేర్చెను. వానిలో చాలవానికి అతడు పాడిన మాటలు దొరకలేదు. షీబెగ్ షీమోర్ పాటకు మాటలు మిగిలినవి. ఆ పాట పుట్టిన వృత్తాంతమును మనకు అందించినది ముఖ్యముగా ఆర్థర్ ఓనీల్ వృద్ధాప్యమున చెప్పి వ్రాయించిన జ్ఞాపకములు. అంధుని చరిత్రమును మరియొక అంధుడు కాపాడెను.

20వ శతాబ్దమున కారొలన్ కీర్తి మరల వెలిగెను. 1960వ సంవత్సరమునకు తరువాత షాన్ ఓరియాడ అను స్వరకర్త తన మేళముతో అతని రచనలను సభలయందు వినిపించెను. 1973వ సంవత్సరమున ప్లాంక్స్టీ అను పేరుగల మేళము షీబెగ్ షీమోర్ స్వరమును గ్రామఫోను రికార్డుగా వెలువరించెను. యూరో నాణ్యము వచ్చుటకు పూర్వము ఐర్లండు 50 పౌన్ల నోటుపై కొంతకాలము ఇతని చిత్రముండెను. ఇప్పుడు ఆ మొదటి పాట పలు దేశములలో ఫిడేలుమీదను గిటారుమీదను వినబడుచున్నది. వాయించువారిలో చాలమందికి అది ఒక మధురమైన స్వరము మాత్రమే; రెండు గుట్టలు తగవులాడిన సంగతి వారెరుగరు. కథను చెప్పి, పిదప వాయించినయెడల, అదే స్వరము శ్రోత కన్నులయెదుట గుట్టలను నిలువబెట్టును.

ఈ సందర్భమున మన ప్రాంతమునకు సంబంధించిన మాటయొకటి చెప్పదగియున్నది. కారొలన్ సమాధి యున్న రాస్‌కామన్ జిల్లాలోనే, అచ్చటికి కొలది మైళ్ళ దూరమున బాయిల్ అను పట్టణము కలదు. ఆ పట్టణమున 1878వ సంవత్సరమున మార్గరెట్ కజిన్స్ జన్మించెను. ఆమె డబ్లిన్‌లో సంగీతవిద్య నభ్యసించి, భర్తతో 1915వ సంవత్సరమున ఇండియాకు వచ్చి, మదనపల్లె కళాశాలలో పనిచేయుచుండెను. 1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి అతిథిగా వచ్చి జనగణమన గీతమును పాడి వినిపించెను. ఆ కవియే దానిని ఇంగ్లీషులోనికి మార్చగా, మార్గరెట్ కజిన్స్ దాని స్వరమును కాగితముపై వ్రాసెను. బెల్‌ఫాస్టులో మాట జారిపోయినది. మదనపల్లెలో మాటయు అర్థమును స్వరమును ఒకచోట నిలిచినవి. కారొలన్ జిల్లాలో పుట్టిన స్త్రీ ఆ పనియందు చేయి వేయుట తెలుగువారు మరువదగని సంగతి.

బాలబాలికలారా, ఈ చరిత్రమునందు మూడు ఇండ్ల యుపకారము కనబడుచున్నది. ఒక ఇల్లాలు సేవకుని కుమారునికి చదువు చెప్పించి, అతడు అంధుడైన పిదప విద్య నిచ్చెను. ఒక రసికుడు అతని చేతి లోపమును నిజాయితీతో తెలిపి, లోపము అడ్డురాని పనిని చూపెను. మూడవది పేరులేని ఇల్లు. పశువుల కాపరులును ముసలివారును పొయ్యి దగ్గర కూర్చుండి రెండు గుట్టల కథను తరతరములు చెప్పుకొన్న ఇల్లు. ఆ మూడవ ఇల్లు లేనియెడల రేనాల్డ్స్ ఇచ్చుటకు కథయే లేదు. మీ ఊరి గుట్టకును, చెరువునకును, పాడుబడిన గోపురమునకును ఇట్టి కథ ఉండకపోదు. ఈ సెలవులలో మీ తాతలను అవ్వలను అడిగి దానిని వినుడు. వారు పాడిన పాటయైనచో రాగమును మాత్రమే గాక మాటలనుగూడ, వారు పలికినట్లే, ఒక్క మాటయు విడువక వ్రాసి యుంచుడు. స్వరము కట్టగలవాడు మీలో ఎవ్వడో నేడు తెలియదు. అతడు వచ్చునప్పటికి కథ సిద్ధముగా నుండవలెను.